ఏడువందల టంకాలు

మిట్టమధ్యాహ్నపు ఎండ. నగరి వాకిట్లో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. కాళ్లకు సంకెళ్లు. ముంజేతికి వెదురు బిగింపు. భుజం మీద నల్లటి గుండురాయి. మెడకు పొగడదండ. పేరు వింటే పూలదండ అనుకుంటాం. అది బాకీ కట్టలేనివాడికి వేసే శిక్ష. ఆయన కట్టవలసింది ఏడువందల టంకాలు.

వీధిన పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. వాళ్లలో ఆ ముసలాయన పద్యాలు నోటికి వచ్చినవాళ్లు ఎందరున్నారో! ఆగినవాళ్ల ఊసు మాత్రం ఏ చాటువులోనూ లేదు.

ఆయన పేరు శ్రీనాథుడు. కవిసార్వభౌముడు.

ఈ దృశ్యం మనకు ఏ శాసనంలోనూ దొరకదు. చాటుపద్యాలే చెప్పాయి. ఆ పద్యాలు తాళపత్రాల్లోనూ పెద్దల నాలుకల మీదా బతికి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారిలాంటివాళ్ల చేతిమీదుగా అచ్చులోకి వచ్చాయి. అవన్నీ శ్రీనాథుడు చెప్పినవేనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. ఆయనే చెప్పి ఉంటే అది ఒక మనిషి గోడు. ఆయన చెప్పకపోతే జనమే చెప్పి ఉండాలి. అలాగైతే అది ఇంకా పెద్ద మాట: తెలుగుజాతి తన తప్పు మీద తానే ఇచ్చుకున్న వాంగ్మూలం.

శ్రీనాథుడికి తన వయసును ఏళ్లలో లెక్కపెట్టుకునే అలవాటు లేదు. పుస్తకాల్లో లెక్కపెట్టుకున్నాడు. పిలక ఊగే పసితనంలో మరుత్తరాట్చరిత్ర, మీసం మొలిచే వేళకు శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో శృంగారనైషధం, వయసు పండాక భీమేశ్వరపురాణం, ఒళ్లు వాలకముందే కాశీఖండం. తన బతుకును ఇంత ధీమాగా చెప్పుకున్న తెలుగు కవి మరొకడు లేడు. ఆ మొదటి రెండు పుస్తకాలూ మనకు మిగల్లేదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోవడమే మంచిదయింది.

కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి 1402 నుంచి 1420 వరకు రాజ్యం చేశాడు. ఆ రాజు తానూ పండితుడే, అమరుకానికి సంస్కృతంలో వ్యాఖ్య రాసినవాడు. ఆయన కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. దూరాల నుంచి వచ్చే పండితుల్లో ఎవరి సరుకు ఎంతో తేల్చేది ఆయనే. రాణి సూరమాంబ ఫిరంగిపురం దగ్గర చెరువు తవ్విస్తే, ఆ శాసనానికి శ్లోకాలు కట్టిందీ ఆయనే. కొండవీటి కొండమీద ఈ రోజు మొండిగోడలూ మెట్లూ చెరువులూ ఉన్నాయి. ఆ మెట్ల మీద ఒకప్పుడు శ్రీనాథుడు నడిచిన నడక ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. తలవంచుకుని నడిచి ఉండడు.

శ్రీహర్షుడి నైషధాన్ని ఆయన తెలుగు చేస్తే, సంస్కృత పండితులు డుమువులు అనే తెలుగు ప్రత్యయాలు మీరు ఉంచుకుని మా నైషధం మాకిచ్చెయ్యమని ఎద్దేవా చేశారట. ఆ ఎద్దేవా ఒక మెచ్చుకోలు కూడా. ఆ కావ్యాన్ని ఆయన మామిడి సింగనామాత్యుడికి అంకితమిచ్చాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ఈ కథ అంతా ఈ అంకితమన్న మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు అంకితమంటే పుస్తకం మూడో పేజీలో ఒక వాక్యం. అప్పుడు అంతటితో సరిపోదు. అవతారికలో కృతిభర్త తాత రావాలి, తండ్రి రావాలి, తల్లి రావాలి, అన్నదమ్ములు రావాలి, వాళ్లు చేసిన దానధర్మాలు రావాలి. ప్రతి ఆశ్వాసం మొదట్లో ఆయన్ని పేరుపెట్టి పిలవాలి, చివర్లో మళ్లీ పిలవాలి. నలుడు ఎంత దుఃఖంలో ఉన్నా, దమయంతి ఎంత విరహంలో ఉన్నా, కవి ఆ కథ ఆపి, అన్నం పెట్టినవాడి వైపు తిరిగి ఒక పద్యం చెప్పి, మళ్లీ కథలోకి వెళ్తాడు. ఆరువందల ఏళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచినవాడు కూడా ఆ గడపలో నిలబడకుండా లోపలికి పోలేడు. ఇందులో బేరం లేదని కాదు. ఉంది. కవికి అగ్రహారాలూ బంగారమూ కావాలి, మంత్రికి పేరు కావాలి. కాకపోతే ఆ బేరంలో ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు. సింగన బంగారం ఎప్పుడో కరిగిపోయింది. సింగన పేరు మాత్రం ఇప్పుడు మీరు చదివారు.

అలాగే అవచి తిప్పయ్యశెట్టి. ఆయన రాజూ కాదు, మంత్రీ కాదు. సముద్రవ్యాపారి. సింహళం నుంచి ఏనుగులు, హుర్ముజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు, దీవుల నుంచి కర్పూరం తెప్పించి రాజులకు అమ్మినవాడు. శ్రీనాథుడికి చిన్ననాటి స్నేహితుడు. హరవిలాసం ఆయనకిచ్చాడు. ఆ అవతారికలో శెట్టిగారి ఓడలు ఏ రేవు నుంచి ఏం తెచ్చాయో కూడా చెప్పాడు. ఆ సరుకుల జాబితా ఇవాళ చరిత్రకారులకు ఆధారం. స్నేహితుడి కొట్టు సరుకును కూడా పద్యంలో పెట్టి దాచిన మనిషి అది.

ఇక కర్ణాట రాజధాని. విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువు. గౌడ డిండిమభట్టుతో వాదం. గెలిచాడు. ఓడిన పండితుడి కంచుఢక్కను పగలగొట్టించాడు. ముత్యాలశాలలో కనకాభిషేకం జరిగింది. బంగారు టంకాలు నెత్తిమీద నుంచి జలజలా రాలుతుంటే, కవి వాటి మధ్య కూర్చున్నాడు. టంకాలతో తీర్థమాడాను అని తానే చెప్పుకున్నాడు. సార్వభౌముడన్న బిరుదూ అక్కడిదే.

టంకం అన్న మాటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఆ ఢక్క సంగతి కూడా. విషాదగాథ చెప్పేటప్పుడు చచ్చినవాడి తప్పులు దాచడం మనకు రివాజు. నాకది మర్యాదగా అనిపించదు. శ్రీనాథుడికి గర్వం ఉంది. భోగం మీద యావ ఉంది. ఊళ్లు తిరుగుతూ తిండి నచ్చకపోతే ఊరి మొత్తాన్నీ వెక్కిరించాడు. పల్నాటి జొన్నకూడు మీద ఆయన విసుర్లు ఇప్పటికీ పల్నాటివాళ్లే నవ్వుతూ చెప్పుకుంటారు. ఓడిన మనిషి ఢక్కను సభలో పగలగొట్టించడం గెలుపులో భాగమే కావచ్చు. అయినా ఆ పూట డిండిమభట్టు బసకు ఎలా నడిచి వెళ్లాడో, ఆయన వెనక ఎవరు నడిచారో ఎవరూ రాయలేదు. చేతికి అందినంత పైకి ఎక్కినవాడికి కిందనున్నవాడి మెడ కనపడదు. నగరి వాకిట్లో గుండురాయి భుజాన పడ్డ రోజు శ్రీనాథుడికి ఆ కంచు చప్పుడు గుర్తొచ్చిందేమో.

రాజ్యాలు చివికిపోవడం మొదట ఖజానాలో కనపడదు, మర్యాదలో కనపడుతుంది. పెదకోమటి పోయాక రాచవేముడు వచ్చాడు. బిడ్డ పుడితే పన్ను, పురిటి సుంకం వేశాడని కైఫీయతులు చెప్తాయి. తల్లి నొప్పులు పడుతుంటే వాకిట్లో సుంకరి నిలబడే రాజ్యం ఎంతకాలం ఉంటుంది? సవరం ఎల్లయ్య అనేవాడు ఆ సుంకం కట్టలేక రాజునే పొడిచాడని ఆ కథ. కొండవీడు చెదిరిపోయింది. విద్యాధికారికి అధికారమూ లేదు, అధికారం ఇచ్చే కొలువూ లేదు.

రాజమహేంద్రవరంలో రెడ్లు ఇంకా ఉన్నారు. బెండపూడి అన్నయ్యమంత్రి ఆదరించాడు. భీమేశ్వరపురాణం ఆయనది. వీరభద్రారెడ్డి కొలువులో చోటు దొరికింది. కాశీఖండం ఆయనది. ఆ కాశీఖండంలో ఒక ఘట్టం ఉంది. 'భిక్ష' అన్న పేరుతో బడిపిల్లలకు పాఠంగా కూడా పెట్టారు.

వ్యాసుడు శిష్యులతో కాశీలో ఉన్నాడు. విశ్వేశ్వరుడు పరీక్ష పెట్టాడు. ఆ రోజు ఏ ఇంటా భిక్ష పుట్టలేదు. ఒక ఇల్లాలు వండుతున్నామంది, ఒకావిడ మళ్లీ రమ్మంది, కొన్ని వాకిళ్లు తెరుచుకోనే లేదు. మర్నాడూ అంతే. వేదాలు విభజించినవాడు, భారతం చెప్పినవాడు, భిక్షాపాత్ర నడివీధిలో నేలకేసి కొట్టాడు. మూడు తరాలపాటు ఈ ఊరివాళ్లకు సిరి లేకుండా పోవాలి, చదువు లేకుండా పోవాలి, మోక్షం లేకుండా పోవాలి అని శపించబోయాడు. అప్పుడు ఒక ఇంటి వాకిట్లోంచి ఒక ముత్తయిదువ పిలిచింది. విశాలాక్షీదేవి. ఇలా రావయ్యా అని పిలిచి, ముందు చీవాట్లు పెట్టింది. పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని తినేవాళ్లున్నారు, దుంపలు తిని బతికేవాళ్లున్నారు, వాళ్లంతా నీకంటే తక్కువవాళ్లా? ఉన్న ఊరు కన్నతల్లి లాంటిది, ఒక పూట అన్నం దొరకలేదని దాన్ని తిట్టవచ్చా? అంది. ఆ తర్వాత అందరికీ కడుపునిండా పెట్టింది. అన్నం తిన్నాక శివుడు వచ్చి వ్యాసుణ్ణి కాశీ వదిలి పొమ్మన్నాడు. మహర్షి అయినా సరే, తిన్న ఊరిని శపించబోయినవాడికి ఆ ఊళ్లో చోటు లేదు.

శ్రీనాథుడు ఈ ఘట్టం రాసినప్పుడు ఆయన కడుపు నిండే ఉంది. వీరభద్రారెడ్డి పంక్తిలో కూర్చుని ఆకలి గురించి రాశాడు. అనుభవించి రాసిన ఆకలి వేరు, ఊహించి రాసిన ఆకలి వేరు అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ ఊహించి రాసిన ఆ మాటకు పరీక్ష తర్వాత వచ్చింది. కవులకు అలా జరుగుతుంటుంది. రాసిన మాట ఎక్కడో కాచుకుని కూర్చుని, ఒకనాడు వచ్చి తలుపు తడుతుంది.

15వ శతాబ్దం నడిమికి రాజమహేంద్రవరం గజపతుల చేతికి పోయింది. వీరభద్రారెడ్డి లేడు. కొత్త ఏలికలకు ఈ ముసలి కవి ఎవరో తెలియాల్సిన పని లేదు. తెలిసినా, పాత రాజును పొగిడిన నోరు అది. శ్రీనాథుడు కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకు తీసుకున్నాడు. వ్యవసాయం.

జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది కదా, పోతన పొలం దున్నుతుంటే శ్రీనాథుడు పల్లకిలో వచ్చి, భాగవతం రాజుకిచ్చి సుఖపడరాదా బావా అని దెప్పినట్టు. చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు గానీ, కథ కట్టినవాడికి లోకం బాగా తెలుసు. నాగలి పట్టినవాణ్ణి దెప్పినవాడే చివరికి నాగలి దగ్గరికి వచ్చాడు. ఒక తేడా ఉంది. పోతనకు పొలం చేతనైన పని. శ్రీనాథుడికి పొలం ఆఖరి దారి.

పంటను కృష్ణ పట్టుకుపోయింది. నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. ఏటిపట్టు పొలం చేసిన ఏ రైతైనా ఈ రెండు మాటలు వింటే మిగతాది అడగడు. వరద తీసినప్పుడు చేలో మిగిలేది ఒండ్రు, ఇసక, ముందుగానే ఖర్చయిపోయిన విత్తనం తాలూకు జ్ఞాపకం. గుత్త మాత్రం వరదకు కొట్టుకుపోదు. ఏడువందల టంకాలు. ముత్యాలశాలలో టంకాల కింద తడిసినవాడు ఏడువందల టంకాలు ఎలా చెల్లించాలి అని అడిగాడు. ఆ అడగడం పద్యంలో అడిగాడు. బాకీ గోడు కూడా పద్యంలోనే చెప్పగల మనిషి ఆయన.

నగరి వాకిట్లో నిలబెట్టారు.

అక్కడ చెప్పిందంటారే ఆ పద్యం, అందులో ఏడుపు లేదు. ఒక విచిత్రమైన పని ఉంది. తన ఒంటిమీదున్న ప్రతి శిక్షకూ పక్కన ఒక బిరుదును నిలబెట్టాడు. మెడ చెప్పేటప్పుడు కవిరాజు మెడ అన్నాడు. రాయి మోసే భుజం సార్వభౌముడి భుజం. సంకెళ్లు పడిన కాళ్లు తెలుగు నైషధం రాసినవాడి కాళ్లు. వెదురు బిగించిన ముంజేయి వీరభద్రారెడ్డి విద్వాంసుడి ముంజేయి. పొగడదండ కౌగిలించుకుంది, రాయి ఎక్కి కూర్చుంది, వెదురు వియ్యమందింది అని పెళ్లింటి మాటలు వాడాడు. ఇంత హుందాగా అవమానం మోసినవాడు మన సాహిత్యంలో నాకు మరొకరు కనపడలేదు. ఆ హుందాతనమే మనసును కోస్తుంది. తిట్టి ఉంటే మనకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాతది ఆఖరి పద్యం. చావు ముందరిదంటారు. దాన్ని చాలామంది దైన్యం అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చదివాను. ఎవరూ లేరు, ఇక నాకు ఎవరు పెడతారు అన్న ఏడుపు అనుకున్నాను. ఒకసారి నెమ్మదిగా, ఒక్కొక్క పేరు దగ్గరా ఆగుతూ చదివితే వేరే సంగతి తెలిసింది. అది జాబితా. ఎవరు ఏమిచ్చారో పేరుపేరునా రాసుకున్న లెక్క. రత్నాల బట్టలు వీరారెడ్డివి. కస్తూరి తెలుంగురాయుడిది. దాన్ని ఒకప్పుడు పద్యం చెప్పి మరీ అడిగి తెచ్చుకున్నాడు. బంగారు పళ్లెంలో అన్నం విస్సన్నమంత్రి పంక్తిలో. దినవెచ్చం మైలారువిభుడిది.

దినవెచ్చం దగ్గర ఆగండి. రోజూవారీ ఇంటి ఖర్చు. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. పట్టుబట్టలు ఇచ్చినవాడు ఎవరికైనా గుర్తుంటాడు. బంగారు పళ్లెం అసలే మరిచిపోం. పచారీ సరుకుల బాకీ తీర్చినవాడు గుర్తుండడం వేరు. రాజు సరసన, మంత్రి సరసన, అదే పద్యంలో, ఇంట్లో పొయ్యి వెలిగించినవాణ్ణి కూడా కూర్చోబెట్టాడు కవిసార్వభౌముడు. తనకంటే ముందే దేవుడి దగ్గరికి వెళ్లిపోయిన భాస్కరుణ్ణీ తలుచుకున్నాడు. ఆ తర్వాత, స్వర్గంలో ఉన్న కవుల గుండెలు అదిరేలా నేను వస్తున్నానని చెప్పి వెళ్లిపోయాడు. పోయేటప్పుడు కూడా గర్వం పోలేదు. పోకపోవడమే బాగుంది.

చూడండి, ఆ జాబితాలో తిట్టు లేదు. ఊరిని శపించలేదు. వరదను కూడా తల్లిని పిలిచినట్టే పిలిచాడు. విశాలాక్షి చేత వ్యాసుడికి చెప్పించిన మాటను, ఆకలి వేసిన రోజు తాను నిలబెట్టుకున్నాడు. వ్యాసుడు తప్పిన చోట శ్రీనాథుడు నిలిచాడు.

మరి ఆ రాయి భుజాన పెట్టించినవాడు? వాడికి ఏడువందల టంకాలు వసూలయ్యాయో లేదో తెలియదు. ఆ పద్యాల్లో ఆ అధికారి పేరు లేదు.

మన భాషలో థాంక్స్ అన్నదానికి సరిపోయే నోటిమాట లేదని కొందరు వెలితిగా చెప్తారు. ధన్యవాదాలు అన్నది వందనసమర్పణకు తెచ్చుకున్న మాట. అన్నం వడ్డించిన అమ్మతో ధన్యవాదాలు అంటే ఆవిడ నుదురు పట్టి చూస్తుంది, జ్వరం వచ్చిందేమోనని. మనకు ఉన్నవి వేరే మాటలు. మీ ఉప్పు తిన్నవాణ్ణి. మీ చేతి అన్నం తిని పెరిగాను. మీ పేరు చెప్పుకుని బతుకుతున్నాం. మీ పేరు చెప్పుకుని ఇంత దీపం పెట్టుకున్నాం. అన్నీ చూస్తే అర్థమవుతుంది, తెలుగులో కృతజ్ఞత అప్పటికప్పుడు అనేసి చేతులు దులుపుకునే మాట కాదు. పేరు చెప్పుకోవడం. ఆ మనిషి ఎదురుగా లేనప్పుడు, అవసరం తీరిపోయాక, వినేవాళ్లకు ఆ మనిషి ఎవరో తెలియని చోట కూడా చెప్పుకోవడం. ఆ పని మానేసి ఆ చోట శాలువా పెట్టుకున్నాం.

ఇది ఎవరినో అనడం లేదు. ఆ శాలువా కప్పినవాళ్లలో నేనొకణ్ణి.

మా పదో తరగతి బ్యాచ్ ముప్పై ఏళ్ల ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంది. వాట్సాప్ గ్రూపు, మనిషికి మూడువేల చందా, ఊరి బయట ఫంక్షన్ హాలు, ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద మా మొహాలు పెద్దవి, అడుగున వరసగా గురువుల మొహాలు చిన్నవి. పదిమంది గురువులు వచ్చారు. వాళ్లలో మా తెలుగు మాస్టారు ఒకరు. ఎనభై దాటాయి. శ్రీనాథుణ్ణి మాకు చెప్పింది ఆయనే. విశాలాక్షి వ్యాసుణ్ణి కోప్పడే చోట ఆయన గొంతు తగ్గించేవారు, హెచ్చించేవారు కాదు. తల్లి కోపం అలాగే ఉంటుందిరా అనేవారు.

శాలువా కప్పాం. మెమెంటో ఇచ్చాం. ఇటు చూడండి సార్, అటు చూడండి సార్ అని ఫొటోగ్రాఫర్ ఆయన గడ్డం పట్టుకుని తిప్పినంత పని చేశాడు. రెండు మాటలు చెప్పండి మాస్టారూ అన్నాం. అందరూ తమ సర్వీసు గురించి చెప్పారు, మా అల్లరి గురించి చెప్పారు. ఈయన మైకు పట్టుకుని, నేను ఈ ఊళ్లో వారాలు చేసుకుని చదువుకున్నాను అని మొదలుపెట్టారు.

వారాలంటే ఏమిటో సగంమందికి తెలియదు. బీద పిల్లవాడు రోజుకొక ఇంట్లో భోజనం కుదుర్చుకుని చదువుకునేవాడు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. సోమవారం కరణంగారి ఇల్లు అన్నారు మాస్టారు. ఆ ఇంటి పెద్దమ్మగారు మజ్జిగలో నిమ్మాకు చిదిమి పోసేవారట. మంగళవారం పోస్టుమాస్టరుగారి ఇల్లు. బుధవారం వేదం చెప్పే అవధానిగారి ఇల్లు. అక్కడ ఇంట్లోవాళ్లకే చాలీచాలదు, అయినా నాకే ముందు వడ్డించేవారు అన్నారు. గురువారం బజారులో కొట్టు శెట్టిగారు స్వయంపాకం ఇచ్చేవారు. బియ్యం, కందిపప్పు, చింతపండు, రెండు ఎండుమిరపకాయలు, వేరువేరు పొట్లాలు కట్టి, పైన ఒక అరటికాయ పెట్టి.

ఆయన అందరినీ పేర్లతోనే చెప్పారు, ఇంటిపేర్లతో సహా. నాకు ఒక్కటీ గుర్తులేదు.

గురువారం దగ్గర ఉండగా మావాడు ఒకడు వచ్చి, మాస్టారూ, ఇంకా నలుగురు సార్లున్నారు, భోజనాల టైమయింది అని చాలా వినయంగా మైకు తీసుకున్నాడు. చప్పట్లు కొట్టాం. తర్వాత పాటలు పెట్టారు. సాయంత్రం గ్రూపు ఫొటోకు వరసలో నిలబడి గేటు వైపు చూస్తే, మాస్టారు శాలువా మడిచి మెమెంటోతోపాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఎండ ఆయన మొహం మీద పడుతోంది. ఎవరో ఒకరు దించుతారులే అనుకున్నాను. ఆ ఎవరో ఒకరు అందరి మనసులోనూ ఉన్నాడు, గేటు దగ్గర మాత్రం లేడు.

శ్రీనాథుడి గురించి ఇంత రాశాక నిన్న రాత్రి మాస్టారికి ఫోన్ చేశాను. ఎవర్రా అన్నారు. చెప్పాను. గుర్తుపట్టారు. మా నాన్నగారి పేరు కూడా చెప్పారు.

"మాస్టారూ, ఆ రోజు గురువారం దగ్గర ఆగిపోయారు. శుక్రవారం ఎవరింట్లో?"

కాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"శుక్రవారం ఇల్లు కుదరలేదురా. శనివారం ఒంటిపూట బడి, మధ్యాహ్నానికి మా ఊరు నడిచి వెళ్లిపోయేవాణ్ణి. శుక్రవారం ఒక్కటే, కాలవ నీళ్లు తాగి పడుకునేవాణ్ణి."

నాకు ఏమనాలో తోచలేదు. ఆయనే అన్నారు: "మీవాడు మైకు తీసుకుని మంచి పని చేశాడు. నేనే ఎలా ఆపుదామా అని చూస్తున్నా. ఇంకొంచెం ఉంటే శుక్రవారం మాట వచ్చేది. నాలుగు రోజులు పెట్టిన ఊరు. ఒక్క రోజు కోసం నలుగురిలో దాని మాట తియ్యకూడదు."

ఆ నాలుగిళ్ల పేర్లు మళ్లీ చెప్పమన్నాను. ఆయన సోమవారం నుంచి మొదలుపెట్టారు. ఈసారి కాగితం, కలం తెచ్చుకుని కూర్చున్నాను.